వాంటన్ నూడుల్స్: డ్రైనా, సూపా? స్టాల్‌లోనా, చెయిన్‌లోనా?

సింగపూర్‌లో మాల్ కింది అంతస్తులో తిరుగుతుంటే నూడుల్స్ షాపు కనిపించకుండా ఉండదు. బోర్డు మీద వరసగా బొమ్మలు: డ్రై, సూప్, చిల్లీ, టొమాటో, బ్లాక్ సాస్, ఉడికించిన వాంటన్, వేయించిన వాంటన్, సుయ్ కావ్. ముందు ఆర్డర్ స్క్రీన్, వెనక క్యూ. కొత్తగా వచ్చినవాళ్లు ఆ టెన్షన్‌లో ఏదో ఒక బొమ్మ నొక్కేస్తారు. సగం తిని, ‘ఏముంది ఇందులో, చప్పగా ఉంది’ అని ప్లేటు పక్కకి నెట్టేస్తారు. ఇంత మంచి తిండికి అలాంటి పేరు రావడం నాకు అస్సలు నచ్చదు. ఏది ఎందుకు ఎంచుకోవాలో తెలిస్తే ఈ వాంటన్ నూడుల్స్ ప్లేటు ఎవరినీ నిరాశపరచదు.

మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర తినే నూడుల్స్‌ని ముందు పూర్తిగా మర్చిపోవాలి. అక్కడ పెద్ద మంట మీద క్యాబేజీ, క్యారెట్, సోయా సాస్, వెనిగర్ వేసి టకటకా వేయిస్తారు. వాంటన్ నూడుల్స్‌ని వేయించరు. గుడ్డు కలిపిన సన్నటి గోధుమ నూడుల్స్‌ని మరిగే నీళ్లలో ముంచి తీసి సాస్‌లో కలుపుతారు. పైన చార్ సియూ, అంటే తియ్యటి మసాలా పట్టించి కాల్చిన పంది మాంసం ముక్కలు, కాస్త ఉడికించిన ఆకుకూర వేస్తారు. పక్కన చిన్న గిన్నెలో సూప్, అందులో వాంటన్లు. పల్చటి పిండి రేకులో పంది కీమానో, రొయ్యనో, రెండూ కలిపో పెట్టి మడిచిన చిన్న మూటలే వాంటన్లు.

అందరూ మాంసం వైపు చూస్తారు కానీ ప్రాణమంతా నూడుల్స్‌లోనే ఉంది. పిండిలో గుడ్డుతో పాటు క్షారం కలిసిన నీళ్లు పోస్తారు. మన అప్పడాల పిండిలో ఖారం చేసే పనే ఇక్కడా జరుగుతుంది. పిండికి బిగువు వస్తుంది, రంగు పసుపు తిరుగుతుంది. దాంతోపాటు ఒక ఘాటు వాసన కూడా పడుతుంది. ఆ వాసన పోగొట్టి, బిగువు మాత్రం మిగల్చడమే వంటవాడి పనితనం.

ఏదైనా స్టాల్ ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. వంటవాడు ఒక మనిషికి సరిపడే నూడుల్స్ ఉండ తీసి విప్పి, పిండి దులిపి, జల్లెడ గరిటెలో వేసి మరిగే నీళ్లలో దించుతాడు. చాప్‌స్టిక్స్‌తో నాలుగు సార్లు కదుపుతాడు. నిమిషం కూడా గడవకముందే పైకి తీసి పక్కనున్న చన్నీళ్లలో ముంచుతాడు. ఉడకడం ఆగేదీ, క్షారం వాసన కడిగేసుకుపోయేదీ ఈ చన్నీళ్లలోనే. మళ్లీ వేడెక్కడానికి మరిగే నీళ్లలో ఒక్క మునక. తర్వాత గరిటెని గట్టిగా విదిలించి, అప్పటికే సాస్ పోసి ఉంచిన ప్లేటులో కుమ్మరిస్తాడు. ఈ విదిలింపు సరిగ్గా లేకపోతే ప్లేటు అడుగున నీళ్లు చేరి సాస్ పలచబడిపోతుంది. ‘చప్పగా ఉంది’ అనే మాట చాలాసార్లు వచ్చేది ఇక్కడి నుంచే.

అందుకే ఏ రకం తినాలి, ఎక్కడ తినాలి అని ఎవరు అడిగినా నేను చూసేది ఒక్కటే. ఆ బిగువు పోకుండా నూడుల్స్ మీ నోటి దాకా వస్తాయా, రావా?

డ్రైనా, సూపా?

సింగపూర్, మలేషియా పద్ధతిలో చేసే చోట డ్రై తీసుకోండి. హాంకాంగ్ పద్ధతిలో చేసే చోట సూప్ తీసుకోండి. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

డ్రై అంటే పొడిపొడిగా ఉంటుందని భయపడక్కర్లేదు. నూనె, సోయా సాస్, చిల్లీ కలిసిన సాస్ అడుగున ఉంటుంది, సూప్ ఎలాగూ పక్కన గిన్నెలో వస్తుంది. రెండూ విడివిడిగా ఉండడం వల్ల నూడుల్స్ నానవు. సన్నటి నూడుల్స్ వేడి సూప్‌లో పడితే ఉడకడం ఆగదు. ఫోన్ చూసుకుంటూ ఐదు నిమిషాలు ఆలస్యం చేశారంటే ఉబ్బి మెత్తబడిపోతాయి. ఇక్కడి చెయిన్లలో, అంటే ఒకే పేరుతో చాలా శాఖలు నడిపే షాపుల్లో, సూప్ చాలావరకు పక్కన తాగడానికి ఇచ్చే తేలికపాటి రసమే. గిన్నెడు నూడుల్స్‌ని మోసే బలం దానికి ఉండదు.

హాంకాంగ్ వాళ్ల లెక్క వేరు. వాళ్లకి సూపే అసలు వంట. ఎండబెట్టిన ఫ్లౌండర్ చేప, పంది ఎముకలు, రొయ్య పొట్టు లాంటివి వేసి మరిగిస్తారు. మూత తీస్తేనే ఆ ఎండు చేప వాసన గుప్పుమంటుంది. వాంటన్లు గిన్నె అడుగున పెట్టి, వాటి మీద నూడుల్స్ వేస్తారు. దాంతో నూడుల్స్ సూప్‌లో మునిగిపోకుండా పైకి ఉంటాయి. గిన్నె కూడా చిన్నది. చూడగానే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది, కానీ నానకముందే అయిపోవాలన్నదే ఆ చిన్న గిన్నె ఉద్దేశం. బల్ల మీద ఎర్ర వెనిగర్ సీసా ఉంటే సగం తిన్నాక రెండు చుక్కలు వేసుకోండి. మిగిలిన కాస్త క్షారం రుచి కూడా విరిగిపోతుంది.

సింగపూర్‌లోనూ సూప్ రకం తీసుకోవాల్సిన సందర్భాలు లేకపోలేదు. జలుబు చేసినప్పుడు, నూనె వద్దనుకున్నప్పుడు, పెద్దవాళ్లకి సాస్ రుచి ఎక్కనప్పుడు సూపే మేలు. గిన్నె రాగానే మాటలు ఆపి తినేయాలి. బీపీ ఉన్నవాళ్లు సూప్ మొత్తం తాగకుండా వదిలేయడం మంచిది, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఎర్రది, నల్లది, టొమాటోది

సాస్ రంగు చూస్తే ప్లేటు ఏ ఊరి పద్ధతో చాలావరకు చెప్పేయొచ్చు. సింగపూర్ రకంలో చిల్లీ సాస్ కలుస్తుంది, ప్లేటు కాస్త ఎర్రగా వస్తుంది. చార్ సియూ పల్చగా కోసి ఉంటుంది, అంచులు ఎర్రగా, లోపల తెల్లగా. నిజం చెప్పాలంటే ఇక్కడి ప్లేట్లలో బలహీనమైన భాగం ఈ మాంసమే. చాలా చోట్ల పొడిబారి ఉంటుంది. దాన్ని నూడుల్స్‌తో కలిపి తింటేనే బాగుంటుంది.

కౌలాలంపూర్ వైపు వెళ్తే ప్లేటు నల్లబడుతుంది. చిక్కటి డార్క్ సోయా సాస్, పంది కొవ్వు కలిపి నూడుల్స్‌కి పట్టిస్తారు. తీపి, ఉప్పు కలిసిన రుచి. మాంసం కొవ్వుతో, అంచులు మాడి, తేనె రంగులో మెరుస్తూ ఉంటుంది. చార్ సియూ కోసమే తినాలనుకునేవాళ్లకి ఈ రకాన్ని మించింది లేదు. పక్కన వెనిగర్‌లో ఊరిన పచ్చిమిరపకాయ ముక్కలు ఇస్తారు. వాటిని పక్కన పెట్టేయకండి. ఆ జిడ్డునీ తీపినీ విరగ్గొట్టేవి అవే, మన నాలుకకి ఈ ప్లేటుని దగ్గర చేసేవీ అవే.

ఈ రెండింటికీ మధ్యలో మలేషియాలోని జొహోర్ ఉంది. ఆ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న పొంటియాన్ అనే ఊరి వాంటన్ నూడుల్స్‌కి పేరుంది. అక్కడి పద్ధతిలో టొమాటో సాస్, చిల్లీ సాస్ కలిపిన ప్లేటు తియ్యగా, పుల్లగా, కాస్త కారంగా ఉంటుంది. సింగపూర్‌లో చాలా శాఖలున్న ‘పొంటియాన్ వాంటన్ నూడుల్స్’ చెయిన్ ఆ ఊరి పేరు పెట్టుకున్నదే. పిల్లలతో వెళ్లినప్పుడు టొమాటో సాస్ రకం, వేయించిన వాంటన్ చెబితే గొడవ ఉండదు. పెద్దవాళ్లకి మాత్రం టొమాటో రకం నేను చెప్పను. సాస్ తీపి నూడుల్స్ రుచిని కప్పేస్తుంది.

కారం కావాలంటే ఎంగ్స్ పేరుతో నడిచే షాపులు చూడండి. అక్కడ నూడుల్స్ సాదాగా వస్తాయి, చిల్లీ సాస్ విడిగా ఉంటుంది. ఎంత కావాలో మీరే వేసుకోవాలి. గుంటూరు నాలుక కదా అని ఒకేసారి పిండేయకండి. అది నిజంగానే మండుతుంది. ముందు కొంచెం కలిపి, రుచి చూసి, తర్వాత పెంచుకోండి. మిగతా చెయిన్లలో ‘చిల్లీ’ అంటే తియ్యటి కారమే వస్తుంది. అక్కడ ఎక్స్‌ట్రా చిల్లీ అడిగితే తీపి కూడా పెరుగుతుంది కాబట్టి ఊరిన పచ్చిమిర్చి ఎక్కువ అడగడమే తెలివైన పని.

హాంకాంగ్ వెళ్లే పని పడితే సెంట్రల్ ప్రాంతంలోని వెల్లింగ్టన్ స్ట్రీట్‌కి వెళ్లండి. మాక్స్ నూడుల్, త్సిమ్ చాయ్ కీ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. మొదటిదాంట్లో చిన్న గిన్నె, సన్నటి నూడుల్స్, చిన్న వాంటన్లు. రెండోదాంట్లో వాంటన్లు బాగా పెద్దవి, కడుపు నిండుతుంది, ఖర్చు తక్కువ. ఆకలి మీద ఉంటే రెండోది, ఈ వంట అసలు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే మొదటిది.

స్టాల్‌కి వెళ్లాలా, చెయిన్‌కి వెళ్లాలా?

హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే చోట, తింటేనే అసలు రుచి అని సింగపూర్‌లో అందరూ అంటారు. సింగపూర్ హాకర్ సంస్కృతికి 2020 డిసెంబరులో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మంచి స్టాల్‌ని ఏ చెయినూ అందుకోలేదన్నది నా అభిప్రాయం కూడా. కానీ ఆ మాటలో ‘మంచి’ అన్నదే ముఖ్యం. స్టాల్ రుచి ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఆయన చేయి బాగున్న రోజున అద్భుతం. ఆయన సెలవు పెట్టినా, మధ్యాహ్నానికే సరుకు అయిపోయినా మీరు వచ్చిన దారినే వెళ్లాలి. తెలియని స్టాల్‌లో తినడమంటే అదృష్టం మీద ఆధారపడడమే.

చెయిన్‌లో వాంటన్లు, సాస్, మాంసం సాధారణంగా ఒకచోట పెద్ద వంటశాలలో తయారై శాఖలకి వస్తాయి. కాబట్టి అవి ఏ శాఖలో అయినా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నూడుల్స్ ఉడికించడం మాత్రం ఆ శాఖలోనే, ఆ పూట డ్యూటీలో ఉన్న మనిషే చేయాలి. ఒకే చెయిన్‌లో ఒక శాఖ బాగుండి ఇంకొకటి బాగుండకపోవడానికి కారణం ఇదే. చెయిన్ పేరు కన్నా శాఖని గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. మీ ఆఫీసు దగ్గరి శాఖలో బాగా చేస్తారని తెలిస్తే, ఇంకెక్కడి శాఖ గురించో ఎవరేమన్నా పట్టించుకోకండి.

స్టాల్ చెయిన్‌గా మారితే రుచి పోతుందా అనే ప్రశ్న కూడా ఉంది. కోక్ కీ వాంటన్ నూడుల్ దీనికి మంచి ఉదాహరణ. లావెండర్ ఫుడ్ స్క్వేర్‌లో స్టాల్‌గా పేరు తెచ్చుకుని, ఆ ఫుడ్ సెంటర్ మూతపడ్డాక ఫోచ్ రోడ్డుకి మారింది. 2020లో పీతల వంటకాలకి పేరున్న జంబో గ్రూప్ అందులో 75 శాతం వాటా కొంది, తర్వాత శాఖలు పెరిగాయి. దాని నూడుల్స్ ప్రత్యేకత జారుడుగా, గట్టిగా ఉండడం, సాస్ పలచగా ప్లేటు అడుగున నిలిచి ఉండడం. ఇలాంటి చోట రహస్యమంతా సాస్‌లో ఉంటుంది కాబట్టి, సాస్ పెద్ద వంటశాల నుంచి వచ్చినా నష్టం తక్కువ. అదే కాల్చిన మాంసం మీద పేరు తెచ్చుకున్న స్టాల్ శాఖలు పెడితే నాకు కాస్త అనుమానమే. బొగ్గుల మీద కాల్చిన మాంసాన్ని వ్యాన్‌లో తీసుకొచ్చి మళ్లీ వేడి చేస్తే ఆ మాడిన అంచుల కరకర ఉండదు.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. హాకర్ సెంటర్‌లో ప్లేటు సాధారణంగా నాలుగు నుంచి ఆరు సింగపూర్ డాలర్లు. చెయిన్‌లో ఇంకో రెండు మూడు డాలర్లు ఎక్కువ, ఏసీ, కూర్చునే చోటు ఉంటాయి. టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే హాంకాంగ్ తరహా రెస్టారెంట్‌లో మెనూ ధర మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. మెనూలో 10 డాలర్లు కనిపిస్తే బిల్లు దాదాపు 12 అవుతుంది. నలుగురు వెళ్లినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఒక్కరే ఉండి, నడిచే ఓపిక ఉండి, ఎవరో నమ్మకంగా చెప్పిన స్టాల్ ఉంటే హాకర్ సెంటర్‌కి వెళ్లండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, స్ట్రోలర్‌లో బాబు, బయట వాన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చెయినే నయం. మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందు వెళ్తే మంచిది. నూడుల్స్ ఉడికించే నీళ్లు అప్పటికింకా చిక్కబడి ఉండవు, వంటవాడు హడావిడిలో ఉండడు. సాయంత్రం మూడు నాలుగు గంటలకి, జనం లేని షాపులో ముందే ఉడికించి పెట్టిన నూడుల్స్ వచ్చే ప్రమాదం ఉంది. ప్లేటు రాగానే ముద్దలా అతుక్కుని కనిపిస్తే అదే జరిగిందని అర్థం. మర్యాదగా అడిగితే మార్చి ఇస్తారు.

పంది మాంసం తినని ఇంట్లో

మన కుటుంబాల్లో చాలామందికి అసలు అడ్డంకి ఇదే. ఇక్కడ సూటిగా చెప్పాలి. మామూలు వాంటన్ నూడుల్స్ షాపులో ‘నో పోర్క్’ అని చెబితే సరిపోదు. పైన ముక్కలు తీసేస్తారు, కానీ సాస్‌లో పంది కొవ్వు, సూప్‌లో ఎముకలు, వాంటన్లలో కీమా ఉంటాయి. నూడుల్స్, వాంటన్లు ఒకే నీళ్లలో ఉడకొచ్చు కూడా. నిష్ఠగా తిననివాళ్లని అలాంటి షాపుకి తీసుకెళ్లొద్దు.

చికెన్ చార్ సియూ, చికెన్ వాంటన్లతో చేసే హలాల్ స్టాళ్లు ఫుడ్ కోర్టుల్లో దొరుకుతాయి. సింగపూర్ ఇస్లామిక్ మత మండలి ‘ముయిస్’ ఇచ్చే హలాల్ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి. ‘నో పోర్క్, నో లార్డ్’ అని రాసుకున్న షాపులు వేరు. అక్కడ పంది మాంసం, కొవ్వు వాడమని చెబుతున్నారు, అంతే. అది హలాల్ సర్టిఫికెట్ కాదు. పంది మాంసం ఒక్కటే వద్దనుకునే కుటుంబానికి ఆ బోర్డు చాలు, ముస్లిం స్నేహితులతో వెళ్తే సర్టిఫికెట్ చూడాల్సిందే. చికెన్ రకంలో కొవ్వు తక్కువ కాబట్టి కాస్త ఎండినట్టు అనిపిస్తుంది. అక్కడ బ్లాక్ సాస్ రకం చెప్పండి, ఆ లోటు కొంత తీరుతుంది.

శాకాహారులకి దారి లేదనుకోకండి. వాటర్లూ స్ట్రీట్‌లో శ్రీకృష్ణుడి గుడి, దాని పక్కనే కువాన్ ఇమ్ చైనా గుడి ఉన్నాయి. కృష్ణుడి గుడి ముందు చైనా భక్తులు కూడా అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకుంటారు. అక్కడికి నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఫార్చ్యూన్ సెంటర్ శాకాహార భోజనాలకి పేరున్న చోటు. చైనా శాకాహార స్టాళ్లలో గోధుమ పిండి, సోయాతో చేసిన ‘మాంసం’ ముక్కలు, పుట్టగొడుగుల వాంటన్లు వేసి ఇస్తారు. బౌద్ధ పద్ధతి పాటించే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కార్తీక మాసంలో అవి మానేసేవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఒక్క జాగ్రత్త: నూడుల్స్‌లో గుడ్డు ఉండొచ్చు. గుడ్డు తిననివాళ్లు అదే ప్లేటుని బియ్యపు సేమ్యా, అంటే ‘బీ హూన్’తో ఇమ్మని అడగాలి.

ఆర్డర్ చేసేటప్పుడు

ఉడికించిన వాంటన్, వేయించిన వాంటన్ మధ్య నేనైతే ఉడికించినదే చెబుతాను. లోపల ఏం పెట్టారో, ఎంత తాజాగా ఉందో అందులో దాగదు. నూనెలో వేగితే ఏదైనా బాగానే ఉంటుంది. రొయ్యలంటే ఇష్టమైతే వాంటన్ బదులు సుయ్ కావ్ అడగండి. సైజు పెద్దది, కొరికితే రొయ్య ముక్క కరకరలాడుతూ తగులుతుంది. నూడుల్స్ సన్నవి కావాలంటే ‘మీ కియా’, వెడల్పువి కావాలంటే ‘మీ పోక్’. ఈ వంటకి సన్నవే సరైన జోడీ.

సెట్ మీల్‌లో డ్రింకు, వేపుడు కలిపి చూపిస్తారు. ఆ డబ్బుతో ఒక ప్లేటు ఆకుకూర, ఇంకో రెండు వాంటన్లు చెప్పుకోవడం మేలు. ప్లేటు బల్ల మీదికి రాగానే ఫొటో కన్నా ముందు చేయాల్సిన పని కలపడం. అడుగున ఉన్న సాస్ పైకి వచ్చేలా నూడుల్స్‌ని ఎత్తి, తిప్పి, మళ్లీ ఎత్తాలి. సాస్ అంటని తెల్లటి పోగు కనిపించకూడదు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. హాకర్ సెంటర్లు, ఫుడ్ కోర్టుల్లో ఇది చట్టం.

పార్శిల్‌కి, ఇక్కడి భాషలో ‘దా పావ్’కి, ఇది సరైన తిండి కాదు. తప్పనిసరైతే సూప్ రకం చెప్పి, సూప్, నూడుల్స్ విడివిడిగా కట్టమనండి. డ్రై తెచ్చుకుంటే ఇంటికొచ్చేసరికి డబ్బాలో అచ్చుపోసినట్టు గట్టిపడి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఇంకా గట్టిపడుతుంది. పక్కన ఇచ్చిన సూప్‌ని బాగా వేడి చేసి, రెండు చెంచాలు నూడుల్స్ మీద పోసి, విడిపోయేదాకా కలిపి, వెంటనే తినేయండి.